అడ్డపొగ - రాచపుండు ప్రయాణము

హౌరా-చెన్నై రైలుమార్గమున పలాస స్టేషనులో దిగినవారిని మొదట పలకరించునది జీడిపిక్కలు కాల్చు కమురువాసన. ఊరు దాటి సముద్రము వైపు సాగినకొలది కొబ్బరితోటలు, జీడిమామిడి తోటలు, పనసచెట్లు, వాని నడుమ ఇసుకబాటలు కనిపించును. ఉద్యానమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములలో వ్యాపించిన ఈ తీరభూమికి ఆవల టెక్కలి ప్రాంతము. 1936 వరకు ఇదంతయు గంజాము జిల్లాలోనిది. ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు విశాఖపట్టణము జిల్లాలో చేరినది. 1950లో శ్రీకాకుళము జిల్లాలోనిదైనది. జిల్లా పేరు రెండుమార్లు మారినను, ఈ తీరపు స్త్రీల అలవాటొకటి తరతరములుగా మారలేదు. దాని పేరు అడ్డపొగ.

కొన్ని యేండ్ల క్రిందట మేము ఊడ్పుపాటలు రికార్డు చేసికొనుటకై ఈ తీరమున ఒక పల్లెకు పోయితిమి. పాట ముగించిన ముదుసలి యొకామె కొంగున ముడివేసిన చుట్టను తీసి, వెలిగించి, నాలుగు దమ్ములు లాగి, చప్పున దానిని త్రిప్పి, మండుచున్న కొసను నోటిలో నుంచుకొని పెదవులు మూసికొనెను. నిప్పు మాయమైనది. పెదవుల సందు నుండి సన్నని పొగ మాత్రము వెలువడుచుండెను. "నోరు కాలదా అమ్మా?" అని మాలో ఒకరు అడుగగా ఆమె నవ్వి, "అలవాటయిపోనాది బాబూ! గాలికి ఆరదు, నుసి పిల్ల మీద పడదు. మాయమ్మా ఇలగే తాగీది" అనెను. ఆమె ఒడిలో మనుమరాలు నిద్రించుచుండెను.

ఆ సమాధానములో ఒక చరిత్ర ఉన్నది. పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండములలో పుట్టి, పోర్చుగీసు వర్తకుల ఓడలలో మన తీరములకు వచ్చినది. ఉద్దానపు జీడిమామిడియు అట్లే బ్రెజిలు దేశము నుండి ఆ వర్తకుల వెంట వచ్చినదే. సముద్రము దాటి వచ్చిన ఈ రెండు మొక్కలలో ఒకటి ఇచటి ఇసుకనేలకు జీవనాధారమైనది, రెండవది అలవాటైనది. కన్యాశుల్కమున గిరీశము చుట్టను మెచ్చుకొనుట తెలుగువారెల్లరకు తెలిసినదే. వీధిలో బాహాటముగా చుట్ట కాల్చుట పురుషునికి దర్జాగా చెల్లినది. ఆ ఉత్తరాంధ్రముననే సముద్రపు గాలిలో పనిచేయుచు, చంకన బిడ్డను మోయుచు, చుట్టను పొదుపుగా కాల్చుకొనవలసిన స్త్రీ నిప్పును లోపలికి త్రిప్పుకొనినది. అందువలన ఆమె అలవాటు బయటివారి కంటికి చాలకాలము కనిపించలేదు. కనిపెట్టినవారు వైద్యులు.

విశాఖపట్టణములో 1923లో కింగ్ జార్జి ఆసుపత్రియు, వైద్యకళాశాలయు నెలకొనిన పిదప ఉత్తరపు పల్లెల రోగులు అచటికి చేరసాగిరి. వారిలో కొందరికి నోటి పైకప్పున, అనగా అంగిటిలో, మానని పుండ్లుండెడివి. ఇతర ప్రాంతములలో నోటి క్యాన్సరు బుగ్గకో, నాలుకకో వచ్చుట సాధారణము. గట్టి అంగిటికి వచ్చుట అరుదు. ఇచట మాత్రము ఆ అరుదైనదే తరచుగా కనిపించినది. 1937లో ఎం. జి. కినీ, కె. వి. ఎస్. రావు అను వైద్యులు ఒక భారతీయ వైద్యపత్రికలో ఈ విషయమును చర్చించిరి. 1945లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన వి. ఆర్. ఖానోల్కరు, సూర్యాబాయి అను సహశాస్త్రవేత్తతో కలిసి, మన దేశపు అలవాట్ల వలన పుట్టు మూడు క్రొత్త రకముల క్యాన్సరులను వర్ణించెను. పంచెకట్టు ఒరసికొను నడుముచోట వచ్చునది ఒకటి. సున్నము కలిపిన పొగాకును క్రింది పెదవి లోపల నుంచుకొనుట వలన వచ్చునది మరియొకటి. మూడవది మన తీరపు అడ్డపొగ వలన అంగిటికి వచ్చునది. ఆ విధముగా ఉత్తరాంధ్రపు పల్లెపడుచు అలవాటు ప్రపంచ వైద్యగ్రంథములలోనికి ఎక్కినది.

తరువాత మనవారే పరిశోధనను ముందుకు నడిపిరి. 1957లో డి. గోవింద రెడ్డి, వి. కె. రావు తీరాంధ్రమున అంగిటి క్యాన్సరును గురించి విపులముగా వ్రాసిరి. పొగాకు తారు, వేడిమి రెండును కలిసినప్పుడు ఏమి జరుగునో ప్రయోగశాలలో పరీక్షించి, గోవింద రెడ్డియు ఆయన సహచరులును 1960లో ఫలితములను ప్రకటించిరి. అడ్డపొగ త్రాగునప్పుడు నోటిలోని గాలి వేడిమి 120 సెంటిగ్రేడు డిగ్రీల వరకు పెరుగగలదని కొలతలు తెలిపినవి. నీరు మరుగు వేడిమి 100 డిగ్రీలని మనకు తెలియును. నోటి తడి, మూసిన పెదవులు, అలవాటుపడిన నాలుక ఆ వేడిమిని కొంత అణచును గాని, పొగలోని విషమును అణచలేవు.

ఇంటింటికి తిరిగి జరిపిన పెద్ద పరిశీలన 1966లో ఆరంభమైనది. బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఫలీ మెహతా, కోపెన్‌హేగెను నగరమునకు చెందిన యెన్స్ పిండ్‌బోర్గు దీనికి నాయకులు. దేశములోని 5 జిల్లాలలో మొత్తము 50,915 మంది గ్రామస్థుల నోళ్ళను పరీక్షించిరి. ఆ అయిదింటిలో శ్రీకాకుళము ఒకటి. ఇచట చూచినవారు 10,169 మంది. వారిలో నూటికి ఇంచుమించు 44 మంది అడ్డపొగ త్రాగువారని 1971లో ప్రకటించిరి. అంగిలి మొదట తెల్లబారుట, మందమగుట, లాలాజల గ్రంథుల నోళ్ళు ఎఱ్ఱని చుక్కలవలె తేలుట, సహజమైన రంగు పోవుట, ఎఱ్ఱని మచ్చ యేర్పడుట, తుదకు పుండగుట, ఇట్టి మార్పులను వారు వరుసగా వర్ణించిరి. రోగము రాక ముందు దాని అడుగుజాడలు ఇంత స్పష్టముగా కనిపించు చోట్లు శరీరములో మిక్కిలి తక్కువ. నోరు తెరచిన చాలును. దీపపు వెలుతురున చూడవచ్చును.

ఇచట ఒక ప్రశ్న పుట్టును. రాచపుండని మన పెద్దలు పిలిచిన క్యాన్సరు మనుష్యుని ఏల చంపును? చిన్న పుండు, జీడిపిక్కంత గడ్డ ప్రాణము తీయుటెట్లు? కొన్ని చోట్ల గడ్డ పెరిగి అన్నవాహికనో, ఊపిరి దారినో మూసివేయును. కాని పెక్కుమందిని చంపునది పుట్టినచోటి గడ్డ కాదు. అది విడిచిపెట్టిన సంతానము. క్యాన్సరు కణములు తామున్న చోటు విడిచి, శరీరమందే దూరదేశముల కేగి, అచట క్రొత్త కాపురములు పెట్టును. దీనికి 'మెటాస్టాసిస్' అను పేరు 1829లో ఫ్రెంచి వైద్యుడు రెకామియే వాడుకలోనికి తెచ్చెను. మన భాషలో దీనిని వ్యాప్తి అందము.

అంగిటి క్యాన్సరు ఈ విషయమున కొంత నిదానమైనది. అంగిటి వెనుక ఎముక యున్నది. నాలుక క్యాన్సరుతో పోల్చిన, ఇది మెడలోని గ్రంథులకు ప్రాకుట తక్కువ. కాలము గడచిన ఎముకను తినివేసి ముక్కులోనికి, చెంపయెముక బోలులోనికి పోవును. ఐనను అది పుట్టినచోట కనిపించును. ప్రయాణము ఆలస్యముగా మొదలిడును. ఈ రెండు కారణములచేత త్వరగా చూపించుకొనిన వారిని శస్త్రచికిత్సతో రక్షించుటకు అవకాశము ఎక్కువ. అదే పొగను లోనికి పీల్చినప్పుడు అది చేరు చోటు ఊపిరితిత్తి. చుట్ట యైనను, బీడీ యైనను, సిగరెట్టైనను అచటి లోపొరకు చేయు హాని యొక్కటే. కాని ఊపిరితిత్తికి అంగిటి వలె వాకిలి లేదు. దాని మెత్తని కండకు నొప్పి తెలిపెడి నరములు లేవు. అచట పుట్టిన గడ్డ పైపొరను తాకు వరకు నొప్పి తెలియకపోవచ్చును. ఇదియే ఆ రోగపు మొదటి బలము.

రెండవ బలము నెత్తురు దారిలో ఉన్నది. 1628లో ఇంగ్లీషు వైద్యుడు విలియం హార్వే నెత్తురు శరీరమున చుట్టితిరుగునని నిరూపించెను. శరీరములో నలుమూలల నుండి వచ్చు చెడునెత్తురు గుండె కుడి గదులకు చేరి, అచట నుండి ఊపిరితిత్తులకు పోవును. అచట వెండ్రుకకన్న సన్నని నాళములున్నవి. ఇతర అవయవములలో పుట్టి నెత్తురులో కొట్టుకొని వచ్చిన క్యాన్సరు కణములు పెక్కు ఈ జల్లెడలో చిక్కుపడును. ప్రేగులలో పుట్టిన కణములకైతే అంతకు ముందే కాలేయము మరియొక జల్లెడ. కాని ఊపిరితిత్తిలోనే పుట్టిన కణము సంగతి వేరు. అది జల్లెడకు ఆవలి వైపున బయలుదేరును. ఊపిరితిత్తి సిరలలో ప్రవేశించినంతనే గుండె ఎడమ గదులకు, అచట నుండి బృహద్ధమనిలోనికి, అటుపై శరీరమందెచటికైనను దారి తెరచి యున్నది. గుండె పంపు నెత్తురులో ఇంచుమించు ఆరవవంతు మెదడుకే పోవును. ఊపిరితిత్తి క్యాన్సరు మెదడునకు తరచుగా వ్యాపించుటకు ఇది యొక కారణము.

నెత్తురు దారియే కాక మరి రెండు దారులున్నవి. ఒకటి పొరుగునకు ప్రాకుట. గడ్డ పెరిగి ఊపిరితిత్తిని కప్పిన పొరను, ప్రక్కటెముకలను, గుండె మీది పొరను చేరును. పొరల నడుమ నీరు చేరి ఆయాసము కలుగును. ఊపిరితిత్తి శిఖరమున పుట్టిన గడ్డ భుజమునకు, చేతికి పోవు నరములను పట్టును. అమెరికా వైద్యుడు హెన్రీ పాంకోస్టు 1924లోను, మరల 1932లోను దీనిని వర్ణించెను. రోగి భుజము నొప్పికి తైలము మర్దనము చేయించుకొనుచుండ రోగము రొమ్ములో పెరుగుచుండును. మరియొక దారి లింఫు, అనగా కండల నడుమ ఊరి సన్నని కాలువలలో పారు తేటనీటి వంటి ద్రవము. ఆ కాలువల మీద అచటచట గ్రంథులు కాపలా చావడులవలె ఉన్నవి. కణములు మొదట ఊపిరితిత్తి మొదలున ఉన్న గ్రంథులకు, పిమ్మట రొమ్ము నడుమ గ్రంథులకు, తరువాత మెడయెముక పైనున్న గ్రంథులకు చేరును. మెడ మొదట నొప్పిలేని గట్టి బిళ్ళ కనిపించినప్పుడు వైద్యుడు రొమ్మును పరీక్షించుటకు కారణమిదే. ఎడమ రొమ్ములోని గ్రంథులు ఉబ్బి స్వరపేటికకు పోవు నరమును నొక్కిన గొంతు బొంగురుపోవును. అప్పుడు రోగి మిరియాల కషాయము త్రాగుచు కాలము గడపును.

నెత్తురు మార్గమున పోయిన కణములు ఎచట నిలుచును? ఊపిరితిత్తి క్యాన్సరు విషయమున మెదడు, ఎముకలు, కాలేయము, మూత్రపిండముల నెత్తిన టోపీలవలె నుండు అడ్రినల్ గ్రంథులు, రెండవ ఊపిరితిత్తి ముఖ్యములైన చోట్లు. కండలకును, ప్లీహమునకును నెత్తురు సమృద్ధిగా పోవుచున్నను అచట కాపురము పెట్టుట తక్కువ. ఏల? ఈ ప్రశ్నను లండను వైద్యుడు స్టీఫెన్ పేజెట్ 1889లో లేవనెత్తెను. రొమ్ము క్యాన్సరుతో మరణించిన 735 మంది స్త్రీల పరీక్షా పత్రములను అతడు పరిశీలించెను. కాలేయమున గడ్డలు పెక్కు, ప్లీహమున స్వల్పము. నెత్తురు ప్రవాహమే కారణమైన యెడల ఇంత భేద ముండరాదు. కావున కణము విత్తనము వంటిదనియు, అవయవము నేల వంటిదనియు అతడు తలచెను. విత్తనము గాలికి అన్ని దిక్కులకు ఎగిరినను, తగిన నేల దొరికిన చోటనే మొలచును.

ఉద్దానము వారికి ఈ మాట విప్పిచెప్ప నక్కరలేదు. జీడిపిక్క ఇచటి ఇసుకలో పడిన చెట్టగును. నీరు నిలుచు వరిమడిలో పడిన కుళ్ళిపోవును. పిక్క ఒక్కటే, నేల వేరు. ఐనను శాస్త్రము వెంటనే పేజెట్ పక్షము వహించలేదు. 1928లో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ యూయింగు, నేల సంగతి అనవసరము, నెత్తురు కాలువల అమరికయే వ్యాప్తిని నిర్ణయించునని వాదించెను. చాలకాలము ఆ వాదమే చెల్లినది. 1970 తరువాత ఐజయా ఫిడ్లరు చేసిన ప్రయోగములు తీర్పును సవరించినవి. అతడు గుర్తుపెట్టిన క్యాన్సరు కణములను ఎలుకల నెత్తురులోనికి ఎక్కించి చూడగా, వేయింట ఒక్కటి చొప్పుననైనను బ్రదికి గడ్డలు కట్టలేదు. అట్లు నిలిచినవియు కొన్ని అవయవములనే యెంచుకొనినవి. నేడు శాస్త్రజ్ఞులు రెండు వాదములను కలిపి చెప్పుచున్నారు: ఎచటికి కొట్టుకొని పోవునో కాలువ నిర్ణయించును, ఎచట మొలచునో నేల నిర్ణయించును.

మొలచుట కూడ సులభము కాదు. కణము తన తోడి కణముల పట్టు విడిపించుకొనవలెను. క్రింది పొరను కరగించుకొనవలెను. నాళము గోడ దూరవలెను. నెత్తురు వడిని, శరీరపు కావలి కణములను తప్పించుకొనవలెను. క్రొత్తచోట మరల గోడ దూరి బయటికి రావలెను. అచట చిన్న గుంపైన పిదప అన్నము కావలెను. గడ్డ తనకు క్రొత్త రక్తనాళములను మొలిపించుకొనునని జూడా ఫోక్‌మను 1971లో ప్రతిపాదించెను. కొన్ని కణములు నెలలు, ఏండ్లు నిద్రాణములై యుండి పిమ్మట మేల్కొనును. కావుననే శస్త్రచికిత్స చేయించుకొని స్వస్థులైన వారిని సైతము వైద్యులు ఏటేట రమ్మందురు. ఊపిరితిత్తి క్యాన్సరులలో చిన్నకణముల రకము మిక్కిలి తొందర గలది. దానిని కనుగొను నాటికే పెక్కుమందిలో వ్యాప్తి జరిగియుండును.

వ్యాప్తి జరిగిన రోగమునకును జరుగని రోగమునకును గల అంతరమును ఒక యథార్థగాథ చెప్పును. 1912లో ఐజాక్ ఆడ్లరు ఊపిరితిత్తి క్యాన్సరును గురించి గ్రంథము వ్రాసినప్పుడు, ఇంత అరుదైన రోగమునకు ఒక పుస్తకము అవసరమా యని తానే సందేహించెను. సిగరెట్ల యుగము వచ్చిన తరువాత ఆ అరుదు పోయినది. 1933 ఏప్రిలు 5వ తేదీన అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున శస్త్రవైద్యుడు ఎవర్ట్స్ గ్రాహము, జేమ్స్ గిల్మోర్ అను వైద్యుని ఎడమ ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించెను. క్యాన్సరుకై ఒక ఊపిరితిత్తిని యావత్తు ఒక్కమారుగా తీసివేసి రోగిని బ్రదికించుట అదియే ప్రథమము. గ్రాహము తానును సిగరెట్లు కాల్చువాడే. 1950లో అతడు, ఎర్నెస్ట్ వైండరు కలిసి పొగాకునకును ఈ రోగమునకును గల సంబంధమును ప్రకటించిరి. అదే సంవత్సరము ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అదే నిర్ణయమునకు వచ్చిరి. గ్రాహము సిగరెట్టు మానెను. కాని ఆలస్యమైనది. 1957లో అతనికే ఊపిరితిత్తి క్యాన్సరు బయటపడినది. అప్పటికే అది రెండు ఊపిరితిత్తులను ఆక్రమించి యుండుటచే, తాను నేర్పిన శస్త్రచికిత్స తనకే పనికిరాలేదు. అదే సంవత్సరము మార్చిలో అతడు మరణించెను. అతడు ఇరువదినాలుగేండ్ల క్రిందట బ్రదికించిన గిల్మోర్ అప్పటికి జీవించియే యుండెను. రోగము ఒక్కటే, ఒకరిలో అది ఇల్లు విడువలేదు, మరియొకరిలో విడిచినది.

కత్తి చేరలేని చోటికి మందు చేరగలదని చూపిన ఘట్టములో మన తెలుగువాని చేయి ఉన్నది. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికాకు పోయి, 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరెను. అతని నాయకత్వమున ఆ ప్రయోగశాలలో తయారైన మందులలో మెథోట్రెక్సేటు ఒకటి. 1948లో అతడు మరణించెను. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్, వారి సహచరుడు ఆ మందుతో చేసిన చికిత్సను ప్రకటించిరి. గర్భమందలి మాయ నుండి పుట్టి ఊపిరితిత్తులకు వ్యాపించిన ఒక విధమగు క్యాన్సరు, ఆ మందుతో స్త్రీలలో కరగిపోయినది. ఎక్స్‌రే చిత్రములో మచ్చలు మాయమైనవి. దూరము వ్యాపించిన గడ్డల రోగము మందుతోనే నయమగుట అదియే మొదలు. సుబ్బారావు ఆ దినమును చూడలేదు.

ఊపిరితిత్తి క్యాన్సరు అంత సులభముగా లొంగలేదు. ఐనను ఇరువదియొకటవ శతాబ్దమున, కణములోని లోపమును వెదకి దానికే గురిపెట్టు బిళ్ళలు, శరీరపు స్వంత రక్షణబలమును మేల్కొలుపు మందులు వచ్చి, వ్యాప్తి జరిగినవారికి సైతము ఆయుర్దాయమును పెంచుచున్నవి. వెనుకటి మందులును పోలేదు. వానిలో సిస్‌ప్లాటిను ముఖ్యమైనది. అది మూత్రపిండములకు కీడు చేయగలదు. ఉద్దానము వారికి ఈ మాట గుండెలో గ్రుచ్చుకొనును. మూత్రపిండముల వ్యాధితో ఈ పల్లెలు పడిన బాధ దేశమెరిగినది. 2023 డిసెంబరులో పలాసలో దానికై ప్రత్యేకముగా ఆసుపత్రిని, పరిశోధన కేంద్రమును ప్రారంభించిరి. మూత్రపిండములు బలహీనమైన రోగికి క్యాన్సరు వైద్యుడు మందును మార్చవలెను, మోతాదును తూచవలెను. కావున వ్యాప్తి జరిగిన పిదప పెద్ద మందులతో పోరాడుటకన్న, వ్యాప్తికి ముందే రోగమును పట్టుకొనుట ఇతరులకు మేలైతే, ఈ తీరమువారికి అవసరము.

అది సాధ్యమని ఈ జిల్లాయే ఒకమారు చూపినది. మెహతా, పిండ్‌బోర్గు, ప్రకాశ్ గుప్తా మొదలగువారు ఎర్నాకుళము, భావనగరము, శ్రీకాకుళము జిల్లాలలో పొగాకు వాడు 36,000 మందికి ముఖాముఖిగాను, ప్రచారసాధనముల ద్వారాను హితబోధ చేసి, ఏటేట వారి నోళ్ళను పరీక్షించిరి. 1986లో వెలువడిన ఫలితములు ఆశ కల్పించినవి. బోధ విన్నవారిలో అలవాటు మానినవారు, తగ్గించినవారు పెరిగిరి. క్యాన్సరుకు ముందు వచ్చు తెల్లమచ్చలు తగ్గినవి. పల్లెలలో అక్షరము రానివారును మాట వినినచో మారుదురని ఈ ఫలితము చెప్పినది. మాటయే వృత్తిగా గల మావంటివారికి ఇంతకన్న ప్రోత్సాహము లేదు. ఇప్పుడు అడ్డపొగ ముఖ్యముగా పెద్దవయసు స్త్రీలలో మిగిలియున్నది.

ఐతే నోటి విషయమున సాధించిన మేలు ఊపిరితిత్తి విషయమున ఇంకను రాలేదు. మూడు వారములు దాటిన దగ్గు, కళ్ళెలో నెత్తురు, బరువు తగ్గుట, ఇవి కనిపించినంతనే మనవారికి తోచునది క్షయ. క్షయ పరీక్ష చేయించుట ఉచితమే, అవసరమే. కాని కళ్ళె పరీక్షలో క్షయక్రిమి కనిపించనప్పుడు, లేదా మందులు వాడినను దగ్గు తగ్గనప్పుడు, మరల అదే సీసా, అదే బిళ్ళ వాడుచు నెలలు గడపరాదు. "ఇది మరేదైనను కావచ్చునా?" అని వైద్యుని అడుగవలెను. ఆ యొక్క ప్రశ్నకు పట్టిన కాలములోనే కణము ఇల్లు విడుచునో, విడువదో తేలును. బొంగురు గొంతు, మెడ మొదట బిళ్ళ, మానని భుజము నొప్పి, రాత్రివేళ ఎముకల నొప్పి, క్రొత్తగా మొదలైన తలనొప్పి, వాంతి, మూర్ఛ, చేయి కాలు పట్టుతప్పుట, ఇవి ఒక్కొక్కటియు వేయి కారణముల వలన రావచ్చును. కాని పొగాకు అలవాటున్నవారిలో అవి ప్రయాణము చేసిన రోగపు జాడలును కావచ్చును. ఎక్కువ పొగ త్రాగినవారిని స్వల్ప కిరణములతో స్కాను తీసి పరీక్షించినచో ఈ రోగపు మరణములు 20 శాతము తగ్గినవని 2011లో అమెరికాలో జరిగిన పెద్ద పరిశీలన చూపినది. పలాస నుండి విశాఖపట్టణము రమారమి 200 కిలోమీటర్ల రైలుదారి. విశాఖ దాపున అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రమునకు చెందిన హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది. 1923కు ముందు ఈ తీరపు రోగికి ఆ తలుపు లేదు.

మేము ఆ పల్లె నుండి తిరిగి వచ్చునప్పుడు, మాతో వచ్చిన వైద్యుడు ఆ ముదుసలిని నోరు తెరువుమని కోరి, చేతిదీపముతో చూచెను. అంగిలి తెల్లబారి యున్నది, పుండు లేదు. "ఇప్పుడే మానిన మంచిది, అమ్మా!" అని అతడు చెప్పెను. ఆమె ఒక నిమిషము ఊరకుండి, చుట్టను ఇసుకలో గ్రుచ్చి ఆర్పి, నిద్రలేచిన మనుమరాలిని ఎత్తుకొని, "నేను మానీగల్నో లేదో గాని బాబూ, దీనికి మాత్రం నేర్పను" అనెను.

ఆ మాటను మేము రికార్డు చేయలేదు. యంత్రము అప్పటికే కట్టివేసితిమి. కాని ఆనాడు విన్న పాటలన్నిటికన్న అదియే మాకు ఎక్కువగా గుర్తున్నది. ఆ తీరమున తల్లి నుండి కూతురునకు నడచి వచ్చిన నిప్పు ఒక ముదుసలి చేతిలో ఆగినది. రోగము ఒక అవయవము నుండి మరియొక అవయవమునకు పోవు దారులను కనుగొనుటకు శాస్త్రమునకు రెండు వందల యేండ్లు పట్టినది. అలవాటు ఒక తరము నుండి మరియొక తరమునకు పోవు దారిని మూయుటకు ఇంటి పెద్దలు చెప్పు ఒక్కమాట చాలును.